ప్రెసిడెంటు గారు రాని బంగళా

పాలకొల్లు దాటి నరసాపురం వైపు వెళుతుంటే కాలవ గట్టు మీద ఒక పాత బంగళా కనిపిస్తుంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని ప్రెసిడెంటు బంగళా అంటారు. పంచాయతీ ప్రెసిడెంటు కాదు, సాక్షాత్తూ భారత రాష్ట్రపతి. ఆయన ఓ పూట విశ్రాంతి తీసుకుంటారని గోడలకు సున్నం వేశారు, కొత్త మంచం చేయించారు, చేతుల కుర్చీ తెప్పించారు. ఊళ్ళో ఎవరూ అంతకు ముందు చూడని, కూర్చునే రకం మరుగుదొడ్డిని కూడా పడవలో వేసుకుని తెచ్చారు. అన్నీ వచ్చాయి, ఆయనే రాలేదు. ఏ రాష్ట్రపతో పేరు చెప్పను. రాని మనిషి పేరుతో మనకేం పని?

మొన్న ఫిబ్రవరిలో మా రూతు అత్తయ్య, దేవదానం మావయ్య, నేను రాజమండ్రి నుంచి ఆ బంగళాకి కారులో వెళ్ళొచ్చాం. తిన్నగా వెళితే మూడు గంటలు కూడా పట్టని దారికి మాకు రెండు రోజులు పట్టింది. అందులో సగం పాపం నాది. నలభై దాటాక డ్రైవింగు నేర్చుకున్నదాన్ని, ముందు ఎడ్లబండి ఉంటే దాని వెనకే భక్తిగా వెళతాను. మిగతా సగం పాపం గోదావరి జిల్లాల మర్యాదది.

రూతు అత్తయ్య మా నాన్నగారి చెల్లెలు. రాష్ట్రపతి వస్తున్నారన్న ఏడాది ఆవిడ ఆ బంగళా ఉన్న ఊళ్ళో మిషన్ స్కూల్లో ఐదో తరగతి. హెడ్మాస్టరు గారు స్వాగత గీతం రాసి, గొంతు బాగుందని అత్తయ్యను ముందు నిలబెట్టారు. గంజి పెట్టిన గౌను వేసుకుని పొద్దున్నుంచీ బంగళా వరండాలో నిలబడితే, సాయంత్రానికి కబురొచ్చింది. పక్క ఊళ్ళో పందిరి వేసి, అరిటాకు పరిచి, "ఒక్క ముద్ద తిని వెళ్ళండి" అని ఆయన్ని కూర్చోబెట్టారట. ఒక్క ముద్ద పనసపొట్టు కూరతో మొదలై పెరుగన్నం దాకా వెళ్ళేసరికి పొద్దు వాలిందట. కార్లు అటు నుంచి అటే వెనక్కి తిరిగాయట.

పెద్దయ్యాక అత్తయ్యకు సరిగ్గా ఆ పక్క ఊరి సంబంధమే కుదిరింది. పెళ్ళయిన నాటి నుంచి వాళ్ళింట్లో ఏ గొడవ మొదలైనా "మీ ఊరి వాళ్ళు" దగ్గరే తేలేది. పనసపొట్టు కూర ఆ ఇంటి గడప తొక్కలేదు. మావయ్యకు అదంటే ప్రాణం. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అత్తయ్య చూడకుండా తినేవారు.

మొన్న క్రిస్మస్‌కి అత్తయ్య గొంతు బొంగురుపోయింది. పరీక్ష చేయిస్తే మెడ దగ్గర కాయ ఉందన్నారు. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. "మాటకేం ఫరవాలేదమ్మా, పాట సంగతి మాత్రం తర్వాతే చెప్పగలం" అన్నారు డాక్టరు గారు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మా లూథరన్ గుళ్ళో పాడుతున్న మనిషి. ఇంటికి రాగానే, "అయితే ఆ పాట ఆ బంగళాలో పాడేసి వచ్చాక కోయించుకుంటాను" అంది.

బయల్దేరే ముందు

మావయ్య ఒక షరతు పెట్టారు. అత్తయ్య గంట సేపు కబుర్లు చెబితే చాలు, గొంతు మూసుకుపోతోంది. కాబట్టి బంగళా చేరేదాకా నోరు విప్పకూడదు. ఆవిడను మాట్లాడొద్దనడం గోదారిని వరద తేవద్దనడమే గానీ, ఆశ్చర్యంగా ఒప్పుకుంది. ఆపరేషన్ సంగతి చుట్టాలకు చెప్పకూడదన్నది రెండో షరతు. తెలిసిందంటే ఆసుపత్రి వరండాలో వనభోజనాలే.

కారులో కూర్చున్నాక మావయ్య ప్రార్థన చేశారు. రోడ్ల కోసం, టైర్ల కోసం, పేరు పెట్టి మరీ నా డ్రైవింగు కోసం, చివర ఆ గొంతు కోసం. ఆమెన్ అనగానే అత్తయ్య కారు దిగి లోపలికి పరిగెత్తింది. పక్కింటి వాళ్ళు కూర పంపిన గిన్నె తిరిగివ్వడం మరిచిపోయిందట. అందులో రెండు చక్కెరకేళీ అరటిపళ్ళు వేసి ఇచ్చి వచ్చింది. మా వైపు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు.

ధవళేశ్వరం దాటాక

బ్యారేజీ మీద నా వెనక ఎన్ని హారన్లు మోగాయో చెప్పను. అటు దాటి బొబ్బర్లంకలో కొబ్బరి బొండాల కోసం ఆగాం. రాజమండ్రిలో నలభై, అక్కడ ముప్పై, పైగా మీగడ చూసి మరీ కొట్టిచ్చింది వాటిని అమ్మే అమ్మాయి. అత్తయ్య చేతి సైగలు చూసి, "అమ్మగారు మాట్లాడరేంటండీ?" అంది.

"మౌనం పట్టిందమ్మా" అన్నారు మావయ్య.

"ఆహా. ఏ దేవుడికండీ?"

మావయ్య లూథరన్ సంఘంలో పెద్ద. ఏం చెప్పాలో తెలియక నా వైపు చూశారు. నేను తొందరపడి, "ప్రెసిడెంటు గారికండీ" అనేశాను.

ఆ అమ్మాయి ఏమాత్రం తడుముకోలేదు. "మొక్కు మంచిదేనండి, ఎవరికైతే ఏంటి" అంటూ అత్తయ్యకు ఇంకో బొండాం కొట్టి, దానికి డబ్బు వద్దంది. మౌనంగా ఉన్నవాళ్ళ దగ్గర పుచ్చుకోకూడదట. అత్తయ్య కారెక్కాక నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆత్రేయపురం

కాలవ పక్కన రోడ్డు, అవతల అరటి తోటలు, ఇవతల కొబ్బరి. ఆత్రేయపురం చేరేసరికి ప్రతి మూడో ఇంటి ముందు పూతరేకుల బోర్డు. ఒక అరుగు మీద బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతున్నాయి. ఒకావిడ పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి ఈడ్చిందో లేదో, కాగితం లాంటి రేకు లేచి వచ్చింది. మా ఊళ్ళో ఇవి రంగుల డబ్బాల్లో సీలు వేసి దొరుకుతాయి. ఇక్కడ రేకు వేడి తగ్గకుండానే బెల్లం, నెయ్యి పడుతున్నాయి.

అత్తయ్య తనూ ఒకటి తీస్తానని సైగ చేసింది. ఆవిడ జరిగి పీట ఇచ్చింది. అత్తయ్య గుడ్డ ముంచింది, ఈడ్చింది, రేకు సగంలో ఫట్‌మని చిరిగింది.

"అయ్యో నా మతి మండా!"

మౌనం భగ్నమైంది. మావయ్య నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. పూతరేకులావిడ మాత్రం చిరిగిన రేకును నెయ్యిలో అద్ది అత్తయ్య నోట్లో పెట్టి, "చిరిగిందే రుచండీ, నోట్లోకెళ్ళాకైనా చిరగాల్సిందేగా" అంది. రెండు పెట్టెలు కొన్నాం. ఒకటి సిద్ధాంతం వంతెన దాటక ముందే అయిపోయింది. ఎవరు తిన్నారో అడగొద్దు, స్టీరింగంతా నెయ్యి.

పాలకొల్లు

పెనుగొండ దాటాక దాళ్వా చేలు, అంటే రెండో పంట వరి, కంటికి చల్లగా పచ్చగా ఉన్నాయి. సాయంత్రానికి పాలకొల్లు చేరాం. క్షీరారామ గోపురం ఊళ్ళోకి ఎటు నుంచి వచ్చినా కనిపిస్తూనే ఉంటుంది, దారి తప్పినవాళ్ళకు అదే గుర్తు. నేను రెండు సార్లు తప్పాను, రెండు సార్లూ అదే నిలబెట్టింది. లాడ్జిలో రాత్రి హాయిగా నిద్రపోయాం.

తెల్లారేసరికి అత్తయ్య గొంతు కీచుమంటోంది. "అయిపోయిందా ఏంటే?" అని గుసగుసగా అడిగింది. ఆవిడ కళ్ళలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. మావయ్య కిందికెళ్ళి, ఫ్లాస్కులో మిరియాలు వేసిన వేడినీళ్ళు పట్టించుకొచ్చారు. రెండు గుక్కలు తాగాక కాస్త తేరుకుంది. ఆ రోజు గంట గంటకీ ఆయన ఆ ఫ్లాస్కు మూత తీస్తూనే ఉన్నారు.

టిఫినుకు దిబ్బరొట్టె. మందపాటి ఇనప మూకుడులో నిప్పుల మీద నిదానంగా కాలుతుంది. పైన కరకర, లోపల దూది. మాకు వడ్డించిన పెద్దాయన నన్ను చూసి, "ఏ ఊరండీ తమరిది?" అన్నాడు. రాజమండ్రి అని చెప్పాను. "అదేనండీ, ముక్కలు చేసుకుని తింటన్నారు. రొట్టె తుంపుకోవాలండి, కొయ్యకూడదు" అని నా చేతిలో చెంచా తీసేసుకున్నాడు. కొబ్బరి పచ్చడి పుల్లగా ఉందని అత్తయ్య ముట్టలేదు. గొంతు కోసం పచ్చడి మానేసిన గోదావరి మనిషిని నేనింతవరకూ చూడలేదు.

మావయ్య గారి ఊరు

అక్కణ్ణుంచి చేలు పోయి చెరువులు మొదలయ్యాయి. రొయ్యల చెరువుల్లో చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. "ఇదంతా మా చిన్నప్పుడు వరే" అని మావయ్య ఎడమ పక్కా, కుడి పక్కా చూపిస్తూ వచ్చారు. ఆయన గొంతులో దిగులు కన్నా కంగారే ఎక్కువగా వినిపించింది. ముందున్నది ఆయన ఊరు. బంగళాకి దాని నడి వీధిలోంచే పోవాలి.

బంగళా తాళం లక్ష్మి అనే ఆవిడ దగ్గర ఉంటుంది. ఫోన్ చేస్తే, "మూడు లోపు వచ్చెయ్యండమ్మా, తర్వాత రొయ్యల షెడ్డుకి పోవాలి" అని ముందే చెప్పింది. మేం పన్నెండుకల్లా వెళ్ళిపోతాం అనుకున్నాం. అద్దాలు ఎత్తేసి, మావయ్య తల కిందికి దించుకుని, ఊరు దాటేయాలని పథకం. సరిగ్గా రచ్చబండ దగ్గర వరిగడ్డి ట్రాక్టరు అడ్డం వచ్చింది.

"దేవదానం బాబాయ్ కదూ! అద్దాలేసుకుని పోతన్నారేంటండీ?" అని ట్రాక్టరు మీంచి కేక వినిపించింది.

అయిపోయింది. ఐదు నిమిషాల్లో మావయ్య గారి వదిన సుగుణమ్మ గారి ఇంట్లో మంచాల మీద ఉన్నాం. మా రాజమండ్రిలో "టీ తాగుతారా?" అని అడుగుతారు, మనం వద్దంటే కాస్త బతిమాలి ఊరుకుంటారు. ఇక్కడ అడగరు. లోపల మూకుడు పొయ్యెక్కిన చప్పుడు వినిపిస్తుంది, అంతే.

అత్తయ్య అందరికీ చేతులు జోడించి నవ్వింది. మాట లేదు. కాఫీ వద్దంది. జంతికలు వద్దంది. సుగుణమ్మ గారి ముఖం మాడిపోయింది.

"రూతు అలిగింది" అన్నారావిడ.

"లేదు వదినా, దానికి కొంచెం జలుబు..."

"నాకు తెలీదా? నోరు విప్పదు, మంచినీళ్ళు ముట్టదు. పోయినేడు బారసాలకి కబురు ఆలస్యంగా పెట్టానని మనసులో పెట్టుకుంది."

వాకిట్లో ఒకావిడ ముందుకొచ్చి, "కాదక్కా, నా మీదనుకుంటాను. చందువా చేప పంపిస్తానని పంపలేదు" అంది. గోడ పక్కనుంచి ఇంకొకాయన, "నిరుడు పండక్కి మన గుళ్ళో రూతక్క పాడాల్సిన పాట మా కోడలి చేత పాడించాను, అదేనేమో" అన్నాడు. అలా ఎవరి తప్పు వాళ్ళే ఒప్పుకోవడం మొదలుపెట్టారు. అత్తయ్యకు వాటిలో సగం అప్పటిదాకా తెలియనే తెలియదు. ఒక్కొక్కటీ వింటూ కళ్ళు పెద్దవి చేస్తుంటే, వాళ్ళు మరింత హడలిపోతున్నారు. అలక తీర్చడానికి మా ఊళ్ళ వాళ్ళకు తెలిసిన మందు ఒకటే. లోపల వంటకాలు పెరిగాయి. గోంగూర రొయ్యలు, కోడి వేపుడు, గారెలు, వాటి వెనకే ఇల్లంతా నిండిన పనసపొట్టు, ఆవపిండి వాసన.

గడియారం రెండు దాటింది. ఆకులు పరిచారు. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. అప్పటి గౌనులో పిల్ల ఇలాగే నిలబడి ఉంటుందనిపించి నాకు ఉక్రోషం వచ్చింది. ఇదే ఊరు, ఇదే కూర, మళ్ళీ!

అప్పుడు మావయ్య లేచారు. జీవితంలో ఎవరి మాటా కాదనలేని మనిషి.

"వదినా, దానికి మీ మీద కోపం లేదు. బంగళాలో ఒక పనుంది, టైముకి వెళ్ళాలి. దాని బదులు నేనుంటాను. దాని వాటా కూడా నేనే తింటాను. వాళ్ళని వెళ్ళనియ్యండి."

సుగుణమ్మ గారు బంగళా పేరు వినగానే అత్తయ్య వైపు చూశారు. ఆ పాత సంగతి ఆ ఊళ్ళో తెలియనిదెవరికి?

"వెళ్ళనియ్యండ్రా" అన్నారావిడ చివరికి. "ప్రెసిడెంటు గారిని ఆపామని ఇన్నేళ్ళూ దెప్పింది. దాన్నీ ఆపామంటే ఇంక బతకనియ్యదు."

కారు కదిలాక అత్తయ్య వెనక్కి తిరిగి చూసింది. ఆకు ముందు మావయ్య ఒక్కరే, చుట్టూ ఆరుగురు వడ్డించేవాళ్ళు. ఊరు దాటాక మెల్లగా, "మీ మావయ్య వినకపోతే ఎలాగే?" అంది.

బంగళా

పెంకుటిల్లు, చుట్టూ వరండా, ముందు కాలవ. గేటు పక్క రాతి పలక మీద "రాష్ట్రపతి గారి విశ్రాంతి నిమిత్తము సిద్ధపరచబడినది" అని ఉంది. వచ్చారని ఎక్కడా రాయలేదు, అబద్ధమాడలేదు. లక్ష్మి తాళం తీసింది. మంచం ఉంది, పడవలో వచ్చిన మరుగుదొడ్డి ఉంది, గది మధ్యలో తెల్ల గుడ్డ కప్పిన చేతుల కుర్చీ ఉంది.

"మా అత్తగారి కాణ్ణుంచీ దుమ్ము దులుపుతూనే ఉన్నామండి. ఎవర్నీ కూర్చోనియ్యం" అంది లక్ష్మి.

"ఆయన కూర్చోలేదు కదమ్మా?"

"అందుకేనండి. ఆయన కూర్చోకుండా ఇంకోళ్ళెలా కూర్చుంటారండీ?"

నేను కుర్చీకి రెండడుగులు దూరం జరిగాను.

అత్తయ్య వరండాలోకి వెళ్ళి, మూడో స్తంభం దగ్గర ఆగింది. అప్పుడు నిలబడిన చోటు అదేనట. నేను పాడమన్నాను. తల అడ్డంగా ఊపింది. ఫ్లాస్కు మావయ్య దగ్గరే ఉండిపోయింది. మనిషి అక్కడ, ఫ్లాస్కు అక్కడ. కాలవ గట్టు వైపే చూస్తూ నిలబడింది. మూడయింది. లక్ష్మి వైపు నేను దొంగచూపు చూశాను.

"పర్లేదండి. షెడ్డు రోజూ ఉంటాది. ఈవిడ గారు రోజూ వస్తారా?" అని లక్ష్మి మెట్ల మీద కూర్చుంది.

కాసేపటికి గట్టు మీద బండి చప్పుడు. ఎవరిదో మోటారు సైకిల్ వెనకాల మా మావయ్య! ఒళ్ళో నాలుగు గిన్నెల క్యారేజీ, చంకలో ఫ్లాస్కు. దిగుతూనే, తప్పు చేసినవాడిలా తల దించుకుని చెప్పారు.

"విస్తట్లోంచి లేచి వచ్చేశానే. అన్నం సగంలో వదిలేసి."

మా వైపు మనిషికి ఇది చిన్న మాట కాదు. పెట్టినవాళ్ళ ముందు ఆకు మీంచి సగంలో లేవడమంటే వాళ్ళ గుమ్మం మళ్ళీ తొక్కననడమే. సుగుణమ్మ గారు కోప్పడలేదట. మిగిలింది క్యారేజీలో సర్దిచ్చి, మనవణ్ణి బండి తీయమన్నారట.

అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. కుర్చీ ముందు ఆగి లక్ష్మి వైపు చూసింది. "ఆయన ఇంక రాడమ్మా. పోయి ఎన్నో ఏళ్ళయింది" అంది.

లక్ష్మి గుడ్డ తీసి, దాంతోనే కుర్చీ చేతులు తుడిచింది. "పోనీలెండి. దానికీ ఒక మనిషి తగలాలి కదా" అంది.

వరండాలో కుర్చీ వేసి మావయ్యను కూర్చోబెట్టాం. ఆయన కుర్చీ అంచు మీదే కూర్చున్నారు, చొక్కా మీద ఆవ మరక చేత్తో మూసుకుని. అత్తయ్య రెండు గుక్కలు వేడినీళ్ళు తాగి, స్తంభం దగ్గర నిలబడి, చేతులు కట్టుకుంది. ఐదో తరగతి పిల్లలు కట్టుకున్నట్టే.

*"వచ్చితిరా మా వాకిటికీ, దేశపు పెద్దయ్యా,*
*మెచ్చితిరా మా పచ్చని చేలూ, చల్లని కాలవయా..."*

గొంతు మొదట గీరుకుంది. రెండో చరణానికి తేటపడింది. ఆ తేట నేను చిన్నప్పుడు గుళ్ళో విన్నదే, వయసు దాని జోలికి పోలేదు. కాలవ మీద పడవ నడిపే మనిషి గెడ వెయ్యడం ఆపి విన్నాడు. పాట చివరి చరణానికి వచ్చింది. అందులో "మళ్ళీ రండి" అని ఉంది. రాని మనిషిని మళ్ళీ రమ్మనే పాట. "మళ్ళీ..." దగ్గర అత్తయ్య గొంతు తెగిపోయింది. ఇంకోసారి ఎత్తుకోబోయింది. గాలి తప్ప మరేమీ రాలేదు.

కుర్చీలోంచి మావయ్య అందుకున్నారు. శ్రుతి లేదు, తాళం అంతకన్నా లేదు.

*"మళ్ళీ రండీ, మరువక రండీ, మా పిల్లలకై రండీ..."*

అత్తయ్య నోరు తెరిచి చూసింది. "మీకెలా వచ్చు?"

"నువ్వు అంట్లు తోముతూ పాడుకుంటావుగా. రోజూ వింటున్నాను" అన్నారాయన.

నేను ఏడ్చేశాను. దాచుకోవడం దేనికి, లక్ష్మి కూడా ఏడ్చింది.

తర్వాత వరండాలోనే క్యారేజీ విప్పాం, నలుగురం తిన్నాం. అడుగు గిన్నెలో పనసపొట్టు కూర ఉంది. మావయ్య ఆ గిన్నె మెల్లగా తన వెనక్కి జరుపుకున్నారు. అత్తయ్య చెయ్యి చాపి లాక్కుని, ఒక ముద్ద కలుపుకుని తింది. ఇంకో ముద్ద తింది.

"పాపం, ఆ ప్రెసిడెంటు మాత్రం ఏం చేస్తాడు" అంది. "ఇది పెడితే ఎవరు లేస్తారు?"

తిరిగొచ్చాక

ఆపరేషన్ బాగా జరిగింది. పాట సంగతి డాక్టరు గారికే ఇంకా తెలియదు, మాకూ తెలియదు. ఆ భయం లేదంటే అబద్ధమే. కానీ కట్టు విప్పిన రోజు ఆయన, "ఏదైనా ఒక మాట చెప్పండమ్మా, గొంతు ఎలా ఉందో వింటాను" అన్నారు. మంచం పక్కన మావయ్య ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నారు. అత్తయ్య గుటక మింగి, ఆయన వైపు తిరిగింది. మాట బొంగురుగా, నెమ్మదిగా వచ్చింది గానీ ఒక్క అక్షరం కూడా పోలేదు.

"సుగుణక్క క్యారేజీ ఖాళీగా పంపెయ్యకండి. నేను లేచాక, మనమే తీసుకెళ్ళి ఇద్దాం."